బాతు పిల్లకు స్నానం: అయిదు నిమిషాల నీళ్లు, గంటసేపు వెచ్చదనం

చేప పిల్లకు ఈత నేర్పాలా అంటారు. బాతు పిల్లకూ ఆ మాటే వర్తిస్తుందని నమ్మి, గుడ్డు పగిలిన రెండో రోజునే దాన్ని టబ్బు నిండా నీళ్లలో వదిలేవాళ్లు ఉన్నారు. ఈత నేర్పనక్కర్లేదన్నది నిజమే. పుట్టిన మర్నాడే కాళ్లాడిస్తూ చక్కగా తేలుతుంది. అయితే ఈదడం ఒకటి, తడిసి తట్టుకోవడం మరొకటి. మొదటిది పిల్లకు పుట్టుకతోనే వస్తుంది. రెండోది తల్లి రెక్కల కింద దొరుకుతుంది. పొదుగు యంత్రంలో పుట్టి మన ఇంటికి చేరిన పిల్లకు ఆ రెక్కలు లేవు.

పెద్ద బాతు తోక మొదట్లో, పైవైపున, చిన్న తైలగ్రంథి ఉంటుంది. బాతు ముక్కుతో ఆ నూనెను తీసి ఒళ్లంతా పూసుకుంటూ ఈకలను సవరించుకుంటుంది. ఒకదానితో ఒకటి కొక్కేల్లా పెనవేసుకున్న ఈకల అల్లిక, దాని మీది నూనె పూత కలిసి నీటిని లోపలికి రానివ్వవు. పిల్లకు ఈకలు ఉండవు, మెత్తటి నూగు మాత్రమే ఉంటుంది. గ్రంథి ఉన్నా దాని పని అప్పుడప్పుడే మొదలవుతుంది. తల్లి ఉన్న పిల్లలు ఆమె పొట్ట కింద దూరినప్పుడల్లా కొంత నూనె వాటి నూగుకు అంటుతుంది. చలి వేస్తే మళ్లీ అదే పొట్ట కిందికి వెళ్లి ఆరిపోతాయి. తల్లి లేని పిల్ల నూగు తడిసి ముద్దయితే అందులోని గాలి పొర పోతుంది, ఒంటి వేడి గబగబా కారిపోతుంది. గుప్పెడంత శరీరం చల్లబడటానికి ఎంతోసేపు పట్టదు.

ఈ సంగతి నేను మొదటి జత పిల్లలతోనే, కొంత భయంతో, నేర్చుకున్నాను. బేసినులో వదిలితే రెండూ మునుగుతూ తేలుతూ తెగ సంబరపడ్డాయి. వాటిని చూస్తూ నేను గడియారం మరిచిపోయాను. కాసేపటికి ఒకటి ఒక మూలకు చేరి కదలడం మానేసింది. అలసి ఉంటుందిలే అనుకున్నాను. చేతిలోకి తీసుకుంటే కాళ్లు మంచులా ఉన్నాయి. పొడి తువ్వాలులో చుట్టి గుండెకు ఆనించుకుని గంటకు పైగా కూర్చుంటే గానీ అది మళ్లీ కూత పెట్టలేదు. అప్పటినుంచి నా లెక్కలో స్నానమంటే నీళ్లలో గడిచే కాసేపు కాదు, బయటికి తీశాక గడిచే గంట. అందుకే ఈ మార్గదర్శి నీళ్లతో కాక గూడుతో మొదలవుతుంది.

ముందు వెచ్చటి గూడు

పిల్లలను ఇంటికి తెచ్చేలోపే గూడు సిద్ధంగా ఉండాలి. లోతైన ప్లాస్టిక్ పెట్టె గానీ, పక్కలు ఎత్తుగా ఉన్న అట్టపెట్టె గానీ మొదటి వారాలకు సరిపోతుంది. అట్టపెట్టె నీటికి త్వరగా నాని చీకిపోతుంది, కాబట్టి నేను ప్లాస్టిక్‌నే ఎంచుకుంటాను. మొదటి వారం గూట్లో వెచ్చటి వైపు సుమారు 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గిస్తూ గది వేడికి తీసుకురావాలి. గది ఎప్పుడూ వెచ్చగా ఉండే చోట వేడినిచ్చే విద్యుత్ దీపం అవసరం త్వరగానే తీరిపోతుంది.

వేడి గూడంతటా సమానంగా ఉండకూడదు. ఒక పక్కన దీపం లేదా వేడిపలక, రెండో పక్కన చల్లదనం ఉంటే ఎక్కడ ఉండాలో పిల్లలే తేల్చుకుంటాయి. థర్మామీటరు కంటే వాటి తీరే నమ్మకమైన కొలత. దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుగా అరుస్తుంటే చలి. దీపానికి దూరంగా గోడకు అతుక్కుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. అక్కడక్కడా చెదిరి, మెడ చాచి నిద్రపోతుంటే సరిగ్గా ఉన్నట్టు.

దీపాన్ని గొలుసుతో, దానికి తోడు మరో కట్టుతో బిగించండి. నేల మీది చెక్క పొట్టులో పడిన దీపం ఇల్లు తగలబెట్టగలదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పగలకుండా ఉండేందుకు టెఫ్లాన్ పూత పూసిన బల్బులు కొన్ని దొరుకుతాయి. వేడెక్కినప్పుడు ఆ పూత నుంచి వచ్చే ఆవిరి పక్షుల ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. బల్బు కొనేముందు పెట్టె మీద రాసింది చదవండి.

నేల విషయంలో ఒకటే నియమం: జారకూడదు. వార్తాపత్రిక పరిస్తే కాళ్లు రెండు వైపులా జారి, కీళ్లు సాగి, కొన్ని పిల్లలకు నడకే రాకుండా పోతుంది. మొదటి మూడు నాలుగు రోజులు గరుకైన పాత తువ్వాలు పరవండి. పొట్టు తినేది కాదని పిల్లలకు తెలిశాక, చిత్రిక పట్టినప్పుడు రాలే చెక్క పొట్టు వేయండి. దేవదారు పొట్టు మాత్రం వద్దు, దాని ఘాటు ఊపిరితిత్తులకు పడదు. తడిసిన చోట రోజూ మార్చాలి. గూట్లో తల పెడితే మీ కళ్లు మండుతున్నాయంటే, నేలకు జానెడు ఎత్తులో బతికే పిల్లల సంగతి ఊహించుకోండి.

తాగే గిన్నే తొలి స్నానాల తొట్టి

కోడి పిల్లకు ముక్కు కొన తడిస్తే చాలు. బాతు పిల్లకు ముక్కు పూర్తిగా మునగాలి. మేత తింటూ తింటూ నీళ్లలో ముక్కు ముంచి ముక్కు రంధ్రాలను, కళ్లను శుభ్రం చేసుకుంటుంది. ఆ లోతు దొరకకపోతే రంధ్రాలు మేతతో మూసుకుపోతాయి, కళ్లకు పుసులు కడతాయి. అలాగని లోతైన గిన్నె పెడితే అందులోకి దూకి, ఎక్కి రాలేక మునిగిపోతుంది. ముక్కు మునిగేంత లోతు, ఒళ్లు పట్టనంత ఇరుకు ఉన్న పాత్ర కావాలి. వెడల్పు గిన్నె మాత్రమే ఉంటే మధ్యలో శుభ్రమైన గులకరాళ్లు నింపండి.

మేత ఉన్నంతసేపూ నీళ్లు ఉండాలి. బాతు నీళ్లు లేకుండా పొడిమేత మింగలేదు, గొంతుకు అడ్డం పడుతుంది. రాత్రి గిన్నె తీసేయాలనుకుంటే మేతనూ దానితోపాటే తీసేయండి.

ఈ గిన్నె చుట్టూ అరగంటలో చిన్న చెరువు తయారవుతుంది. బాతులను పెంచాలంటే దీనికి అలవాటు పడాల్సిందే. లోతు లేని పళ్లెం మీద తీగల జాలీ పెట్టి, గిన్నెను జాలీ మీద ఉంచితే చిందిన నీళ్లు కిందికి దిగిపోతాయి, పొట్టు పొడిగా ఉంటుంది. జాలీ కన్నాలు పిల్ల కాలు ఇరుక్కోనంత చిన్నవిగా ఉండాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మొదటి వారం స్నానం లేదు. గిన్నెలో ముఖం కడుక్కుంటుంది, అది చాలు. ఈలోగా ఒళ్లు పాడైతే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఆ ఒక్క చోట తుడిచి ఆరబెట్టండి. ముఖ్యంగా మలద్వారం దగ్గర రెట్ట ఎండి అంటుకుంటే వదిలేయకూడదు, అది మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. లాగి పీకడమూ తప్పే, నూగుతోపాటు తోలు ఊడుతుంది. తడి గుడ్డను రెండు నిమిషాలు అదిమి పట్టి, నానాక మెల్లగా తుడిస్తే వచ్చేస్తుంది.

వారం దాటిన పిల్ల చురుగ్గా తిరుగుతూ, బాగా తింటూ ఉంటే మొదటి స్నానం చేయించవచ్చు. ప్రయాణం చేసి వచ్చిన రోజున, నలతగా ఉన్నప్పుడు, సాయంత్రం చల్లబడ్డాక వద్దు. ఎండ బాగా ఎక్కిన పగటిపూట మంచిది. రెండో వారంలో రెండు మూడు రోజులకొకసారి చాలు. నాలుగో వారానికి రోజూ, పావుగంట దాకా పెంచవచ్చు. ఏడు నుంచి తొమ్మిది వారాలకు ఈకలు పూర్తిగా వస్తాయి. అప్పటిదాకా మీ కళ్లెదుట తప్ప నీళ్లలో వదలకూడదు.

స్నానం, అంచెలంచెలుగా

ఒకటి. నీళ్లు పట్టకముందే ఆరబెట్టే చోటు సిద్ధం చేయండి. పిల్ల ఒక్కింటికి రెండు పొడి తువ్వాళ్లు కావాలి. గూట్లో దీపం వెలిగించి ఉంచండి, పొట్టు పొడిగా ఉందో లేదో చేత్తో తాకి చూడండి. కిటికీలు మూసి, ఫ్యాను ఆపేయండి. తడి పిల్లను ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో తువ్వాలు కోసం బీరువా వెతికే పరిస్థితి రాకూడదు.

రెండు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న బేసిను తీసుకోండి. అడుగున తడి గుడ్డ పరిస్తే కాళ్లు జారవు. ఒక పక్కన చదునైన రాయి గానీ ఇటుక గానీ పెట్టండి. అలసిన పిల్ల దాని మీదికెక్కి నిలబడుతుంది. ఇది అలంకారం కాదు. చాలా పిల్లలు నీటి లోతు వల్ల కాదు, ఎక్కి రావడానికి దారి లేక మునిగిపోతాయి. వంటపాత్రలు కడిగే సింకు వాడకండి, కారణం తరువాత చెబుతాను.

మూడు. నీళ్లు 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. చంటిబిడ్డ స్నానానికి చూసినట్టే మణికట్టు మీద పోసుకుని చూడండి, చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు. పెద్ద బాతు ఒంటి వేడే 41 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి మనకు హాయిగా తోచే గది చల్లదనపు నీళ్లు పిల్లకు చలే. మొదటిసారి పాదాలు అడుగున ఆనేంత లోతే పోయండి. ఈదాలనిపించినప్పుడు కాళ్లు ఎత్తి తేలుతుంది, వద్దనుకుంటే నిలబడుతుంది.

నాలుగు. పిల్లను పైనుంచి గద్దలా పట్టుకోకండి. పక్కనుంచి రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పాదాలు అరచేతిలో ఆనేలా ఎత్తండి. ఇటుక మీద నిలబెట్టి చేతులు తీసేయండి. కొన్ని వెంటనే దిగుతాయి, కొన్ని మొహం ముంచి చూసి వెనక్కి తగ్గుతాయి. బలవంతం వద్దు. నీళ్లు చేత్తో తీసి వీపు మీద పోయడం కూడా అనవసరం.

అయిదు. సబ్బు, షాంపూ, పాత్రలు కడిగే ద్రవం ఏదీ వాడకూడదు. నూగుకు ఉన్న కాస్త నూనెనూ అవి కడిగేస్తాయి, ఆ తరువాత పిల్ల గుడ్డలా నీళ్లు పీల్చుకుంటుంది. పసిపిల్లల సబ్బు మెత్తనిది కదా అని అడుగుతారు. మెత్తనిదైనా చేసేది నూనెను కడిగే పనే.

ఆరు. మొదటి స్నానం మూడు నుంచి అయిదు నిమిషాలు. గడియారం చూడండి, నాలా చేయకండి. అంతసేపూ అక్కడే ఉండాలి, ఫోను మోగినా లేవకూడదు. పిల్లలు నీళ్లలోనే రెట్ట వేస్తాయి, ఆ నీళ్లే తాగుతాయి. మురికిగా కనబడితే తీసి, మార్చి, మళ్లీ వదలండి. నూగు తడిసి ఒంటికి అంటుకుపోతున్నా, ఒళ్లు నీళ్లలోకి దిగబడుతున్నా, వణుకు కనిపించినా, ఒకే తీరున కీచుమని అరుస్తున్నా అయిదు నిమిషాలు కాలేదని ఆగవద్దు, బయటికి తీయండి.

ఏడు. మొదటి తువ్వాలులో చుట్టి అద్దండి, రుద్దకండి. రుద్దితే నూగు చిక్కుపడి విరుగుతుంది. వీపు త్వరగానే ఆరుతుంది. మోసం చేసేవి పొట్ట, రెక్కల కింది భాగం, కాళ్ల సందులు. అక్కడ ఎక్కువసేపు అద్దండి. నీళ్లు తగ్గాక రెండో పొడి తువ్వాలులోకి మార్చి, తల బయటికి ఉంచి, కాసేపు ఒడిలో పెట్టుకోండి. సాధారణంగా రెండు నిమిషాల్లో నిద్రపోతుంది. పెంపకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

జుట్టు ఆరబెట్టే యంత్రం వాడవచ్చు, అన్నిటికంటే తక్కువ వేడి మీద, తక్కువ గాలితో, మూరెడు దూరం నుంచి. గాలికీ పిల్లకూ మధ్య మీ చేతిని అడ్డం ఉంచండి. మీ చెయ్యి చురుక్కుమంటే పిల్లకు కాలుతున్నట్టే. మొహం వైపు ఊదకూడదు. శబ్దానికి బెదిరితే తువ్వాలుకే తిరిగి వెళ్లండి.

ఎనిమిది. గూట్లోకి వదిలి గంటసేపు గమనించండి. దీపం దగ్గర నిలబడి ముక్కుతో నూగు సవరించుకోవడం మొదలుపెడుతుంది. తోక వైపు తల తిప్పి రుద్దుకుంటుంటే సంతోషించండి, తైలగ్రంథిని అది తట్టి లేపుతోంది. మనం వేసే ఏ నూనే దానికి బదులు కాదు. గంట తరువాత పొట్ట కింది నూగును వేలితో విడదీసి చర్మం దాకా తాకి చూడండి. అక్కడ పొడిగా ఉంటేనే స్నానం ముగిసినట్టు.

చలి పట్టేస్తే

కాళ్లు, ముక్కు చల్లగా ఉండటం, తల వాలిపోవడం, నిలబడలేకపోవడం, పిలిస్తే పలకకపోవడం చలి పట్టిన గుర్తులు. వెంటనే ఆరబెట్టి, పొడి గుడ్డలో చుట్టి మీ ఒంటికి ఆనించుకోండి. లేదా గోరువెచ్చటి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఒక్కసారిగా మంటలాంటి వేడి తగిలించకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఓపిక వస్తుందని నోట్లో నీళ్లో మేతో పోయడం. సోలిపోయిన పిల్ల మింగలేదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు వెచ్చబడి, తల నిలబెట్టాకే నీళ్లు చూపండి. అరగంటలో మార్పు లేకపోతే పశువైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి, దారిలోనూ వెచ్చగానే ఉంచండి.

మేత: కాళ్లు, రెక్కలు నిలబడేది ఇక్కడే

బాతు పిల్లల మేత విడిగా దొరక్క చాలామంది కోడి పిల్లల దాణాయే పెడతారు. పెట్టవచ్చు గానీ అందులో ఒక లోటు ఉంది. బాతు పిల్లకు నియాసిన్, అంటే బి3 విటమిను, ఎక్కువ కావాలి. కిలో మేతకు కోడి పిల్లకు 35 మిల్లీగ్రాములు సరిపోతే బాతు పిల్లకు 55 దాకా కావాలి. అది చాలకపోతే మడమ కీళ్లు ఉబ్బి, కాళ్లు వంకరపోయి, పిల్ల నడవలేక కూలబడుతుంది. బ్రూయర్స్ ఈస్టు (బీరు తయారీలో వాడే ఈస్టు) పొడిని 100 గ్రాముల దాణాకు 5 నుంచి 7 గ్రాముల చొప్పున కలిపితే ఈ లోటు తీరుతుంది. రొట్టెలు పొంగించే ఈస్టు ఇది కాదు, పొరబడకండి. ఇక మందు కలిపిన కోడి దాణా బాతుల మోతాదుకు తగ్గట్టు చేసింది కాదు. మందు లేనిదే తీసుకోండి.

మొదటి రెండు వారాలు ప్రోటీను 20 నుంచి 22 శాతం, తరువాత 16 నుంచి 18 శాతం చాలు. ప్రేమ కొద్దీ బలమైన మేతే కొనసాగిస్తే పిల్ల అతివేగంగా పెరుగుతుంది. బరువెక్కిన రెక్క చివరి కీలు తట్టుకోలేక బయటికి తిరిగిపోతుంది. తొలిరోజుల్లోనే గమనించి రెక్కను మడిచి కొద్దిరోజులు కట్టు కడితే చాలావరకు సరిపడుతుంది, ఆలస్యమైతే అలాగే ఉండిపోతుంది. రొట్టె ముక్కలు కడుపు నింపుతాయి, పోషణ ఇవ్వవు. సన్నగా తరిగిన ఆకుకూరలు, బఠానీలు నీళ్ల మీద చల్లితే స్నానం ఆటవుతుంది. ఆకులు పెట్టడం మొదలయ్యాక సన్నటి ఇసుకరాళ్లూ అందుబాటులో ఉంచాలి, పళ్లు లేని పక్షి కడుపులో మేత నలిగేది వాటితోనే. అవకాడో అసలు పెట్టకూడదు.

బూజు పట్టిన మేత గురించి ఒక పాత కథ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరుసగా చచ్చిపోయాయి. బాతు పిల్లలూ వాటితో పోయాయి. వెతగ్గా వెతగ్గా కారణం వేరుశనగ పిండిమేతకు పట్టిన బూజులో దొరికింది. ఆ విషానికే తరువాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. దాన్ని కనిపెట్టే పరీక్షలకు అప్పట్లో వాడింది ఒకరోజు వయసు బాతు పిల్లలనే, ఎందుకంటే ఆ విషానికి అవి అంత తేలిగ్గా లొంగుతాయి. కాబట్టి గిన్నెలో తడిసిన మేత సాయంత్రానికి పారేయండి. సంచీలో ముక్కిన వాసన వస్తే సంచీ మొత్తం పారేయండి. జల్లెడ పట్టి వాడటం పొదుపు కాదు.

తోడు, చేతులు, బయటి గాలి

ఒంటరి పిల్లను పెంచకండి, కనీసం రెండు ఉండాలి. పుట్టిన తొలి గంటల్లో ఎదుట కదిలేదాన్నే తల్లిగా ఎంచుకోవడం బాతు జాతి స్వభావం. నిజానికి పెద్దబాతుల (గూస్ జాతి) పిల్లలు తన వెంట నడిచిన తీరును గమనించే ఆస్ట్రియా జంతు శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ ఈ విషయాన్ని లోకానికి చెప్పాడు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి మరో ఇద్దరితో కలిసి వచ్చింది. మీ వెంట బుడిబుడి నడకలతో వచ్చే పిల్ల ముద్దుగానే ఉంటుంది. కానీ మీరు గదిలోంచి వెళ్లిన ప్రతిసారీ తల్లి పోయినట్టు ఏడుస్తుంది. పక్కన మరో పిల్ల ఉంటే ఆ ఏడుపు చాలా తగ్గుతుంది, ఒంటికి ఒళ్లు ఆనించుకుని వెచ్చగానూ ఉంటాయి.

చూడటానికి శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్న పిల్ల మీద కూడా మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చు. సింకు వద్దన్నది ఇందుకే. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, సబ్బు అవసరం పిల్లకు కాదు, మీకు. ముద్దు పెట్టుకోవద్దు. అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మేలు.

రెండు వారాలు దాటాక, ఎండకాసే వేళ గడ్డిలో కాసేపు తిప్పవచ్చు. నీడ, నీళ్లు, మీరు, ఈ మూడూ ఉండాలి. కాకి ఎత్తుకుపోవడానికి క్షణం చాలు. నేల మీద పడ్డ మేకులు, తీగ ముక్కలు, నాణేలు ఏరేయండి. మెరిసేవి మింగుతాయి, అందులోని జింకు విషమవుతుంది. ఎండలకు కుళ్లి నిలిచిపోయిన నీటి గుంటల వైపు పోనివ్వకండి. అక్కడ పుట్టే బాక్టీరియా విషం మెడ కండరాలను చచ్చుబడేస్తుంది.

తువ్వాళ్లు దాచిపెట్టే రోజు

అయిదో వారంలో పిల్ల చింపిరిగా కనిపిస్తుంది. భుజాల దగ్గర, పొట్ట మీద ఈకలు ముందొస్తాయి, వీపు మీద నూగు వేలాడుతూ ఉంటుంది, రెక్కలు అందరికంటే ఆలస్యం. జబ్బేమో అని కంగారు పడకండి. ఈ దశలో చాలామంది తొందరపడి పెద్ద తొట్టిలో వదిలేస్తారు. సగం ఈక, సగం నూగు ఉన్న ఒంటికి నీళ్లు పట్టే సందులు ఇంకా ఉన్నాయి.

ఏడో వారం తరువాత ఒక పరీక్ష చేయండి. పిల్ల పొడిగా ఉన్నప్పుడు వేళ్లతో కాసిన్ని నీళ్లు వీపు మీద, ఛాతీ మీద చిలకరించండి. ఎక్కడైనా ఈక నల్లబడి నీళ్లు ఇంకుతుంటే ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచి జారిపోతే ఆ రోజు లోతైన తొట్టి నింపవచ్చు. ఎక్కి రావడానికి ఇటుక మాత్రం అందులోనూ ఉంచండి.